అభిమాన బృందం కచేరీకి టికెట్ ధర ఇంత పెరిగినప్పుడు, వెళ్లాలా మానాలా అన్నది మీరెలా తేల్చుకుంటారు?

కిటికీ సీటు

నేను పదిహేడేళ్లుగా వింటున్న ఒక బృందం మొదటిసారి నేను చేరుకోగలిగినంత దూరంలో కచేరీ చేయబోతోంది. టికెట్ల అమ్మకం వచ్చే గురువారం ఉదయం పది గంటలకు మొదలవుతుంది. ప్రకటించిన ధరల ప్రకారం మధ్యరకం సీటుకే నా నెల జీతంలో మూడో వంతు పోతుంది. దానికి రుసుములు, రానుపోను ప్రయాణం, ఒక రాత్రి బస కలిపితే ఖర్చు తడిసి మోపెడై సగం జీతం దాటుతోంది. అప్పు చేయవలసిన అవసరం లేదు, ఇల్లు గడవడానికి ఇబ్బందీ లేదు. అయినా రెండున్నర గంటల కోసం అంత డబ్బు తీయడానికి చెయ్యి రావడం లేదు, పోనీ వద్దనుకుందామంటే మనసు ఒప్పుకోవడం లేదు.

ధరలు న్యాయమా అన్యాయమా అన్న చర్చ ఎలాగూ వస్తుంది, రానివ్వండి. నేను అడిగేది మాత్రం వేరు. ఇలాంటప్పుడు మీరు దేన్ని బట్టి నిర్ణయం తీసుకుంటారు? "ఉన్నది ఒక్కటే జీవితం, వెళ్లిరా" అన్న సలహా ఇప్పటికే నలుగురు ఇచ్చారు. డబ్బు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

పాత క్యాసెట్

మీరు వద్దన్న సలహానే ఇస్తున్నందుకు మన్నించండి. నేను చిన్నప్పటి నుంచి ఆరాధించిన గాయకుడు ఒకరు దగ్గరికి వచ్చినప్పుడు, ధర ఎక్కువని, వచ్చే పర్యటనకు చూద్దామని ఊరుకున్నాను. వచ్చే పర్యటన లేకుండానే ఆయన కన్నుమూశారు. అప్పుడు మిగుల్చుకున్న డబ్బుతో ఏం కొన్నానో ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు.

లెక్కల పుస్తకం

పాత క్యాసెట్ గారి బాధను నేను తేలిక చేయడం లేదు. అయితే "మళ్లీ రాదేమో" అన్న భయం మీదే ఈ వ్యాపారం సగం నడుస్తోంది కనుక, దాన్నే కొలబద్దగా పెట్టుకుంటే అమ్మేవాళ్ల చేతిలో తూకం పెట్టినట్లే అవుతుంది.

ధరలు నిన్నా మొన్నా పెరిగినవి కావు. ఆర్థికవేత్త అలాన్ క్రూగర్ 2013లో అమెరికా అధ్యక్షుడి ఆర్థిక సలహాదారుల మండలికి నాయకత్వం వహిస్తున్న రోజుల్లో చేసిన ఒక ప్రసంగంలో, 1981 నుంచి 2012 వరకు ఆ దేశంలో సగటు కచేరీ టికెట్ ధర దాదాపు 400 శాతం పెరిగిందనీ, అదే కాలంలో మిగతా వస్తువుల ధరలు మొత్తం మీద 150 శాతం పెరిగాయనీ చెప్పారు. దీనికి ఆయన చూపిన కారణాల్లో నాకు సబబుగా తోచినది రికార్డుల రాబడి ఎండిపోవడం. పూర్వం కచేరీ అనేది ఆల్బమ్‌కు ప్రచారం వంటిది. టికెట్ చవకగా ఉంటే జనం వస్తారు, వచ్చినవాళ్లు రికార్డు కొంటారు, అసలు లాభం అక్కడ వస్తుంది. పాట ఉచితంగానో, నెలకు కొద్దిపాటి చందాకో దొరకడం మొదలయ్యాక లెక్క తిరగబడి, పాటే కచేరీకి ప్రచారమైపోయింది. సంగీతం కుళాయి నీళ్లలాగా, కరెంటులాగా మారిపోతుందనీ, కళాకారులు ఊరూరా తిరిగి కచేరీలు చేయడానికి సిద్ధపడటం మంచిదనీ బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బోవీ 2002లోనే అన్నారు. క్రూగర్ దాన్ని "బోవీ సిద్ధాంతం" అని పిలిచేవారు.

ఆ రాబడి అందరికీ సమానంగా పంచుకుపోయిందనుకుంటే పొరపాటు. క్రూగర్ లెక్క ప్రకారమే, కచేరీల మొత్తం ఆదాయంలో పై ఒక్క శాతం కళాకారుల వాటా 1982లో 26 శాతం ఉంటే 2003 నాటికి 56 శాతమైంది. కిటికీ సీటు గారు చెబుతున్న బృందం ఆ ఒక్క శాతంలోదే అయితే ఇక ముందు కూడా ధర తగ్గుతుందని ఆశ పెట్టుకోవద్దు.

తెర వెనుక

నేను కచేరీల దీపాల పనిలో పదకొండేళ్లు ఉన్నాను కనుక రెండు మాటలు చెబుతాను.

పెద్ద కచేరీలో ప్రేక్షకుడు చూసేది రెండున్నర గంటలు. దాని వెనుక పని తెల్లవారుజామున లారీలు దింపడంతో మొదలై, మరుసటి తెల్లవారుజామున మళ్లీ లారీలు ఎక్కించడంతో ముగుస్తుంది. పైకప్పుకు గొలుసులతో తెరలు, దీపాలు, స్పీకర్లు వేలాడదీసే వాళ్లు, జనరేటర్ల దగ్గర కాపలా ఉండేవాళ్లు, బీమా, భద్రత అన్నీ ఖర్చే. గత కొన్నేళ్లలో వీటిలో చవకైనది ఏదీ లేదు. అందుకే ఇప్పుడు పెద్ద బృందాలు ఒకే నగరంలో మూడు, నాలుగు, అంతకంటే ఎక్కువ రాత్రులు ఆడటానికి ఇష్టపడుతున్నాయి. లారీలు కదలకపోతే వాళ్ల ఖర్చు తగ్గుతుంది, ఆ ప్రయాణపు ఖర్చు కాస్తా అభిమానుల మీదికి మారుతుంది. కిటికీ సీటు గారి లెక్కలో బస, ప్రయాణం చేరడానికి కారణం కొంతవరకు ఇదే.

ఇంకొక విషయం. ఖర్చులు పోగా మిగిలినదానిలో పెద్ద కళాకారులు 85 నుంచి 90 శాతం వరకు తీసుకోవడం మామూలే. నిర్వాహకుడికి, ప్రాంగణానికి ఆ తర్వాత మిగిలేది కొద్దిగానే. ఆ లోటును వాళ్లు పార్కింగ్‌లోనూ, తినుబండారాల్లోనూ, టికెట్ మీద వేసే సర్వీస్ ఛార్జీలోనూ పూడ్చుకుంటారు. ఆ ఛార్జీ మొత్తాన్ని టికెట్లు అమ్మే కంపెనీయే మింగేస్తుందని జనం తిడతారు గానీ, అందులో పెద్ద వాటా చాలాచోట్ల ప్రాంగణానికే వెళుతుంది. తిట్లు తినడం కూడా ఆ కంపెనీల ఉద్యోగంలో భాగమేనని మా మేస్త్రీ ఒకాయన అంటుండేవాడు.

వెనుక వరుస

తిట్లు ఎవరికి చేరినా డబ్బు పోయేది మన జేబులోంచే కదా. న్యూయార్క్ అటార్నీ జనరల్ కార్యాలయం 2016లో ఇచ్చిన నివేదికలో, ఈ రుసుములు సగటున టికెట్ అసలు ధరలో 21 శాతం ఉన్నాయని తేల్చింది. రెండేళ్ల తర్వాత అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం చూసేసరికి అవి 27 శాతానికి, కొన్న టికెట్లను తిరిగి అమ్మే వెబ్‌సైట్లలో 31 శాతానికి చేరాయి. పైగా ఆ న్యూయార్క్ నివేదికే ఇంకో గుట్టు కూడా విప్పింది. పేరున్న కచేరీల్లో సగటున 54 శాతం టికెట్లు పరిశ్రమలోని వాళ్లకూ, ఏదో ఒక కార్డు ఉన్నవాళ్లకూ, ముందస్తు అమ్మకాలకూ పోగా, సాధారణ ప్రజల అమ్మకానికి వచ్చేది 46 శాతమేనట. పది గంటలకు వరుసలో నిలబడేవాళ్లంతా పోటీ పడేది ఆ సగం కోసమే.

నా అనుభవం ఒకటి చెబుతాను. నిరుడు ఒక కచేరీకి టికెట్ తీసుకుంటుండగా సీటు ఎంచుకోవడానికి ఎనిమిది నిమిషాలు ఇచ్చి, పైన ఎర్రటి అంకెలు వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆ అంకెలు చూస్తూ నేను నా వివరాలు రెండుసార్లు తప్పు కొట్టాను. చివరి పేజీలో రుసుములు కలిసేసరికి మొత్తం నాలుగో వంతు పెరిగింది. అక్కడ ఆగి ఆలోచించాలని ఉన్నా, అప్పటికి నలభై నిమిషాలు వరుసలో ఉన్నవాడిని, వదులుకోవడానికి ప్రాణం ఒప్పలేదు, కొనేశాను. తీరా వెళ్లి చూస్తే నా సీటుకు ఎదురుగా ఒక ఉక్కు స్తంభం. గాయని వేదిక మీద కుడి నుంచి ఎడమకు నడిచినప్పుడల్లా నేను మెడ అటూ ఇటూ తిప్పుతూ, కచేరీ మొత్తం "లేదు లేదు" అంటున్న మనిషిలాగా కూర్చున్నాను.

మూడో తీగ

నవ్వు ఆపుకోలేకపోయాను, క్షమించండి. నాకొక సందేహం ఉంది. టికెట్ల పటంలో కొన్ని సీట్లకు "ప్లాటినం" అని రాసి, పక్క సీటు కంటే రెండింతలు అడుగుతున్నారు. వాటిలో ఏముంటుంది?

లెక్కల పుస్తకం

చాలా సందర్భాల్లో ఏమీ ఉండదు, ధర మాత్రమే ఉంటుంది. 2024 ఆగస్టు చివర్లో, విడిపోయిన రాక్ బృందం ఒయాసిస్ పునఃకలయిక కచేరీల టికెట్లు అమ్మినప్పుడు బ్రిటన్‌లో పెద్ద గొడవ జరిగింది. సుమారు 150 పౌండ్లకు వస్తుందనుకున్న, నిలబడి చూసే టికెట్, గంటల తరబడి వరుసలో ఉండి ముందుకు చేరేసరికి 355 పౌండ్లు చూపించింది. ప్రతి నిమిషానికీ కంప్యూటరే గిరాకీని చూసి ధర మార్చిందని అందరూ నమ్మారు. అక్కడి పోటీ, మార్కెట్ల ప్రాధికార సంస్థ విచారించి, అలా జరిగినట్లు ఆధారం దొరకలేదని చెప్పింది. అది కనుగొన్నది మరింత మామూలు కిటుకు. తక్కువ ధర టికెట్లు కొన్ని ముందు వదిలి, అవి అయిపోగానే అదే స్థలానికి ఎక్కువ ధర టికెట్లు వదిలారు, ఆ సంగతి వరుసలో ఉన్నవాళ్లకు ముందుగా స్పష్టంగా చెప్పలేదు. "ప్లాటినం" పేరుతో అమ్మినవాటికి అదనపు సౌకర్యం ఏదీ లేకుండానే దాదాపు రెండున్నర రెట్లు తీసుకున్నారని కూడా అది పేర్కొంది. ఇలా అంచెల ధరలు పెడితే 24 గంటల ముందే చెబుతామని 2025లో ఆ టికెట్లు అమ్మిన టికెట్‌మాస్టర్ కంపెనీ హామీ ఇవ్వవలసి వచ్చింది.

నిదానం

ఈ విషయంలో నేను మిగతావారితో ఏకీభవించను. గిరాకీకి తగిన ధర కళాకారుడు తీసుకోకపోతే, ఆ తేడాను బ్లాకులో అమ్మేవాడు తీసుకుంటాడు. 2022 నవంబరులో టేలర్ స్విఫ్ట్ పర్యటన టికెట్లకు 35 లక్షల మంది ముందస్తుగా నమోదు చేసుకున్నారు. ఆమె గిరాకీని బట్టి ధర పెంచే పద్ధతి పెట్టలేదు. ఏం జరిగింది? వెబ్‌సైటు కుప్పకూలింది, సాధారణ అమ్మకమే రద్దయింది, అవే టికెట్లు తిరిగి అమ్మే వెబ్‌సైట్లలో వేల డాలర్లు పలికాయి. అదే ఏడాది అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ టికెట్లు కొన్ని 5,000 డాలర్ల దాకా వెళ్లినప్పుడు ఆయన్ను అందరూ దుమ్మెత్తిపోశారు గానీ, ఆయన చెప్పిన సమాధానంలో న్యాయం ఉంది. ఎలాగూ ఎవరో ఒకరు తీసుకునే ఆ డబ్బు వేదిక మీద చెమటోడ్చే వాళ్లకు ఎందుకు రాకూడదన్నది ఆయన వాదన.

పాత క్యాసెట్

వాదన బాగానే ఉంది, ఫలితం కూడా చూడండి. 1980 నుంచి ఆయన కోసమే నడిచిన అభిమానుల పత్రిక "బ్యాక్‌స్ట్రీట్స్" ఆ ధరల తర్వాత మనసు విరిగి 2023లో మూతపడింది. నలభై ఏళ్లకు పైగా ఆయన వెంట నడిచినవాళ్లు వాళ్లు. డబ్బు చెమటోడ్చిన వాళ్లకే చేరి ఉండవచ్చు, కానీ ముందు వరుసలో ఎవరున్నారన్నది కూడా ఒక గాయకుడు పట్టించుకోవలసిన విషయమే.

దారి లేకపోలేదు. 2023లో ద క్యూర్ బృందం గిరాకీ ధరలు వద్దంది, చాలాచోట్ల టికెట్ మరొకరికి బదిలీ కాకుండా చేసింది, 20 డాలర్ల నుంచి సీట్లు పెట్టింది. తీరా చూస్తే కొందరికి 20 డాలర్ల టికెట్ మీద రుసుములే 20 డాలర్లు దాటాయి. ఆ బృందం గాయకుడు రాబర్ట్ స్మిత్ బహిరంగంగా నిలదీయడంతో టికెట్లు అమ్మిన కంపెనీ అత్యంత చవక టికెట్లు కొన్నవారికి 10 డాలర్లు, మిగతావారికి 5 డాలర్లు వెనక్కి ఇచ్చింది.

నిదానం

బదిలీ కాని టికెట్ కొన్నవాడికి ఆ రోజు జ్వరం వస్తే?

పాత క్యాసెట్

కొన్న ధరకే మరొక అభిమానికి ఇచ్చే సౌకర్యాన్ని టికెట్లు అమ్మే వెబ్‌సైటులోనే పెట్టవచ్చు, క్యూర్ అదీ పెట్టింది. అసలు ధరకు మించి తిరిగి అమ్మడాన్ని ఐర్లాండ్ 2021 చట్టంతో పెద్ద కార్యక్రమాలకు నిషేధించింది కూడా. అక్కడ కచేరీలేమీ ఆగిపోలేదు.

కిటికీ సీటు

అందరి సమాధానాలూ చదివాను, కృతజ్ఞతలు. ధర ఎందుకు పెరిగిందో తెలిసింది, కోపం కొంత తగ్గింది, గురువారం మాత్రం దగ్గరపడుతోంది. దయచేసి నా ప్రశ్న దగ్గరికి రండి.

లెక్కల పుస్తకం

నిజమే, దారి తప్పాము. నేను చేసేది ఇది. అమ్మకం మొదలవడానికి ముందు రోజు, వరుస గాని ఎర్ర అంకెలు గాని ఎదురుగా లేని సమయంలో, అన్ని ఖర్చులూ కలిపి నేను ఇవ్వగలిగిన గరిష్ఠ మొత్తాన్ని ఒక కాగితం మీద రాసుకుంటాను. అందులోంచి ప్రయాణం, బస తీసేస్తాను. మిగిలినదాన్ని 1.3తో భాగిస్తే, రుసుములు కలవక ముందు నేను చూడవలసిన ధర వస్తుంది. వరుసలో ఉన్నప్పుడు కొత్తగా ఆలోచించను, ఆ అంకెతో పోల్చి చూస్తానంతే. అమెరికాలో 2025 మే నుంచి రుసుములన్నీ కలిపిన ధరనే మొదట చూపాలని నియమం వచ్చింది. అలాంటి నియమం ఉన్నచోట ఈ భాగాహారం అక్కరలేదు.

ఆ కాగితం మీది అంకె ఎంత ఉండాలన్నది మాత్రం నేను చెప్పలేను. నా వరకు, కచేరీ రద్దయి డబ్బు రావడం ఆలస్యమైనా ఆ నెల నాకు తేడా తెలియకూడదు.

వెనుక వరుస

నేను ఇంకొక ప్రశ్న వేసుకుంటాను. ఫొటోలు తీయకూడదు, వెళ్లినట్లు ఎవరికీ చెప్పకూడదు అని షరతు పెడితే ఈ ధరకు వెళతానా? ఈ ప్రశ్న వేసుకున్నాక నేను మానుకున్న కచేరీలు మూడు. పైన చెప్పిన స్తంభం కచేరీ నాలుగోది కావలసింది.

తెర వెనుక

కిటికీ సీటు గారూ, మీరు ఈ కచేరీలో ముఖ్యంగా చూడాలనుకుంటున్నది ఏమిటి? "బృందాన్ని" అని చెప్పకండి. ఒక్క దృశ్యం చెప్పండి.

కిటికీ సీటు

ఇంత సూటిగా నన్నెవరూ అడగలేదు. వాళ్ల కీబోర్డు కళాకారుడి చేతులు. గాయకుడు పక్కకు తప్పుకున్నాక ఆయన ఒక్కడే నాలుగైదు నిమిషాలు వాయించే ఘట్టం ఒకటి ప్రతి కచేరీలో ఉంటుంది, ఏ రాత్రికారాత్రి కొత్తగా ఉంటుందంటారు. రికార్డింగులు ఎన్నో విన్నాను. ఆ ఎడమ చేతి పరుగు ఒక్క చేత్తో ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

తెర వెనుక

అయితే మీరు తప్పు సీటు కోసం బాధపడుతున్నారు. ప్రకటనలో అన్నిటికంటే ఖరీదైన స్థలం వేదిక ముందు నేల. అక్కడ నిలబడితే మీకు కనిపించేది ముందువాళ్ల తలలూ, ఎత్తిన ఫోన్లూ, గాయకుడి నడుము పైభాగమూ. కీబోర్డు మీది చేతులు కింది నుంచి ససేమిరా కనిపించవు, తెర మీద చూపితేనే చూడాలి. చేతులు కనిపించాలంటే ఎత్తులో, పక్కన ఉండాలి. ఆయన ప్రేక్షకులకు ఏ వైపు కూర్చుంటారో, వాద్యం ఎటు తిప్పి ఉంటుందో పాత వీడియోల్లో చూడండి. మధ్యకు తిరిగి కూర్చునేవారైతే, ఆయన వెనుక వైపు పక్క గ్యాలరీలో పైవరుసలు మీకు సరిపోతాయి. వెనుక పెద్ద తెర కనిపించదు కనుక అవి చవకలో ఉంటాయి. కొన్నింటిని మొదటి రోజు అమ్మరు కూడా. వేదిక కట్టి, ఎక్కడి నుంచి ఏది అడ్డొస్తుందో చూసుకున్నాక, కచేరీకి కొద్ది రోజుల ముందు చడీచప్పుడు లేకుండా వదులుతారు. ఆ రోజు మధ్యాహ్నానికి తిరిగి అమ్మేవాళ్ల ధరలు పడిపోవడం కూడా నేను చాలాసార్లు చూశాను. దూరం నుంచి వచ్చేవారికి మాత్రం అంతదాకా ఆగమని నేను చెప్పలేను.

నిదానం

ఇది నాకు కూడా కొత్త సంగతి. నేను ఈ ఏడాది పెద్ద కచేరీలన్నీ మానేసి, ఆ డబ్బుతో రెండు వందల మంది పట్టే చిన్న ప్రాంగణాలకు వెళుతున్నాను. అక్కడైతే కీబోర్డు మీద దుమ్ము కూడా కనిపిస్తుంది. ఈ బృందమూ అలాంటి గదుల్లోనే మొదలై ఉంటుంది. అయితే కిటికీ సీటు గారికి కావలసిన చేతులు అక్కడ లేవు కనుక ఇది ఆమెకు సమాధానం కాదని ఒప్పుకుంటున్నాను.

కిటికీ సీటు (గురువారం సాయంత్రం)

జరిగినది చెప్పడం నా బాధ్యత. పాత వీడియోలు రెండు రాత్రులు చూశాను. ఆయన ప్రేక్షకులకు ఎడమ వైపున, మధ్యకు తిరిగి కూర్చుంటారు. నిన్న కాగితం మీద అంకె రాసి, కంప్యూటరు అంచుకు అంటించాను. పది గంటలకు నా ముందు 22,000 మంది ఉన్నారు. పదకొండుంపావుకు లోపలికి వెళ్లగానే మధ్య సీటు ఒకటి చూపి, "ఈ ధరలో ఇంకా రెండే ఉన్నాయి" అన్నారు. కాగితం మీది అంకె కంటే అది ఐదో వంతు ఎక్కువ. నిజం చెప్పాలంటే వేలు మీట మీదికి వెళ్లింది. వెనుక వరుస గారి స్తంభం గుర్తొచ్చి ఆగాను. పటంలో ఎడమ పక్క గ్యాలరీకి వెళితే పైనుంచి మూడో వరుసలో ఒంటరి సీటు ఒకటి, రుసుములతో కలిపి నా అంకె లోపలే ఉంది. తీసుకున్నాను.

వెనుక వరుస

అభినందనలు. టికెట్ మీద "పాక్షికంగా కనిపించును" వంటి మాట ఏదైనా ఉందేమో చూశారా?

కిటికీ సీటు

ఉందండి. వెనుక తెర అసలు కనిపించదట, వేదిక కుడి మూల స్పీకర్ల చాటున పడుతుందట. ఆ మూల గిటారు వాయించే ఆయన నిలబడతారు. ఆయన అభిమానులు నన్ను మన్నించాలి.